నీలం మాత్ర వెనక మనిషి

స్కూల్లో వారానికోసారి ఇచ్చే నీలం మాత్ర గుర్తుందా? వికారమని కిటికీలోంచి పారేసేవాళ్లం. అందులో ఐరన్‌తో పాటు ఫోలిక్ ఆసిడ్ ఉంటుంది. హట్టిలో గర్భిణులకిచ్చే ఎర్ర మాత్రలోనూ అదే. దాని వెనక ఉన్నది ఒక తెలుగాయన, ఎల్లాప్రగడ సుబ్బారావు.

1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి పాసయ్యారు. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ జబ్బుతో రోజుల తేడాలో పోయారు. మద్రాసులో వైద్యం చదివి, భార్య శేషగిరిని ఇక్కడే వదిలి అమెరికా వెళ్లారు. మళ్లీ రాలేదు. పుట్టిన కొడుకుని చూడనేలేదు, ఆ పసివాడూ దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్‌ని తయారుచేసింది. అన్నదమ్ముల్ని తీసుకెళ్లిన స్ప్రూకి అది మందయింది. 1948లో, 53 ఏళ్లకే ఆయన పోయారు.

ఇంకో సంగతి ఆయన పోయాక తేలింది. కడుపులో బిడ్డ ఒక్క కణంతో మొదలవుతుంది. అన్ని కణాల్లోనూ జన్యువులు అవే. ఏవి పనిచేస్తాయి, ఏవి ఊరుకుంటాయి అన్నదాన్ని బట్టి ఒక కణం మెదడవుతుంది, ఇంకోటి చర్మమవుతుంది. కణాలు పెరగాలంటే కొత్త డీఎన్ఏ కావాలి, కొన్ని జన్యువుల్ని ఆపే గుర్తులు డీఎన్ఏ మీద పడాలి. రెండింటికీ ఫోలేట్ కావాలి. అది తక్కువైతే మెదడు, వెన్నుపాము అయ్యే గొట్టం మూసుకోకపోవచ్చు.

ఆ గొట్టం మూసుకునేది మొదటి 28 రోజుల్లోనే. అప్పటికి చాలామందికి కడుపుతో ఉన్నామనే తెలీదు. అందుకే ఆ మాత్ర ముందునుంచే వేసుకోమంటారు.

తన బిడ్డని చూసుకోలేని మనిషి చేసిన మందు అది. పారేసినందుకు ఇప్పుడు సిగ్గేస్తోంది.