సేవాసమితుల ఆద్యుడు - హెన్రీ డ్యూనాంట్

ఆపదలో ఉన్నవారికి చేయూతనివ్వాలన్న తలంపు మానవజాతికి కొత్తది కాదు. ఆ చేయూత ఆపద ముంచుకువచ్చిన పిదప కాక, అంతకుముందే సిద్ధమై ఉండాలన్న ఆలోచనకు ప్రపంచ దేశాలను ఒప్పించినవారిలో అగ్రగణ్యుడు హెన్రీ డ్యూనాంట్. ఆయన వైద్యుడు కాడు, సైనికుడు కాడు, రాజ్యాధికారి కాడు. ఎంచుకొన్న వ్యాపారంలో సైతం ఓడిపోయినవాడు.

డ్యూనాంట్ 1828 మే 8న స్విట్జర్లాండులోని జెనీవా నగరంలో ఒక కలిగిన కుటుంబంలో జన్మించాడు. తండ్రి అనాథ బాలల యోగక్షేమాలను చూసేవాడు. తల్లి రోగులకు, నిరుపేదలకు సేవ చేసేది. కుమారునికి చదువు అంతగా అబ్బలేదు. కళాశాలను మధ్యలోనే విడిచి బ్యాంకులో పని నేర్చుకొన్నాడు. ఆదివారాలలో చెరసాలకు వెళ్ళి ఖైదీలను పలకరించి రావడం యౌవనంలో ఆయనకు అలవాటు.

ఉద్యోగరీత్యా 1853లో అల్జీరియాకు వెళ్ళిన డ్యూనాంట్, కొంతకాలానికి అక్కడ సొంతంగా పిండిమరల వ్యాపారం ప్రారంభించాడు. ఆ దేశం అప్పుడు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండేది. భూమికి, నీటికి సంబంధించిన అనుమతులు ఎంతకూ రాలేదు. విసిగిపోయిన డ్యూనాంట్ నేరుగా ఫ్రెంచి చక్రవర్తి మూడవ నెపోలియన్‌కే మొరపెట్టుకోదలచాడు. చక్రవర్తి ఆ సమయంలో ఉత్తర ఇటలీలో ఆస్ట్రియాతో యుద్ధం చేస్తున్నాడు. అందువల్ల డ్యూనాంట్ ప్రయాణం యుద్ధభూమి వైపు సాగింది. స్వకార్యం కోసం బయలుదేరిన ఆ ప్రయాణమే ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది.

1859 జూన్ 24న సోల్ఫెరినో వద్ద ఘోర సంగ్రామం జరిగింది. మరణించినవారు, గాయపడినవారు, గల్లంతైనవారు కలిసి సుమారు 40 వేల మంది. ఆనాటి సాయంకాలానికి డ్యూనాంట్ సమీపంలోని కాస్తిగ్లియోనే అనే చిన్న పట్టణానికి చేరాడు. అక్కడికి క్షతగాత్రులు వేల సంఖ్యలో వచ్చిపడుతున్నారు. ఇళ్ళు, బడులు, ఆలయాలు నిండిపోయి, వీథులలో గడ్డి పరచి మనుషులను పడుకోబెట్టవలసి వచ్చింది. వైద్యులు వేళ్ళమీద లెక్కింపదగినంతమంది. ఒక్క పెద్ద చర్చిలోనే సుమారు 500 మంది పడి ఉన్నారు.

డ్యూనాంట్ తన పనిని పక్కనపెట్టి ఆ చర్చిలో ప్రవేశించాడు. ఊరి స్త్రీలను కూడగట్టాడు. పిల్లలు బకెట్లతో ఊటల నుండి నీళ్ళు మోశారు. తన బండివానిని బ్రెషియా నగరానికి పంపి నిమ్మపండ్లు, చక్కెర, చొక్కాలు, కట్టుగుడ్డలు, చివరకు పొగాకు కూడా తెప్పించాడు. శస్త్రచికిత్స సమయంలో బాధ మరపించేందుకు పొగాకు కొంత తోడ్పడింది. ఆ పట్టణ స్త్రీలు మిత్రుడని, శత్రువని విచారించలేదు. ఫ్రెంచివానికీ ఆస్ట్రియనుకూ ఒకే విధంగా గాయాలు కడిగారు. దారినపోయే యాత్రికులు కొందరు, ఒక వ్యాపారి, ఒక పత్రికా విలేఖరి కూడా వచ్చి చేయి కలిపారు.

అయితే డ్యూనాంట్ నేర్చుకొన్న పాఠం ఈ ఔదార్యంలో లేదు, దాని పరిమితిలో ఉంది. ఊరిలో ఆహారముంది, నీరుంది. అయినా మనుషులు ఆకలిదప్పులతో మరణించారు. గాయాలపై వేసే నూలుపోగులు గుట్టలుగా ఉన్నాయి. వాటిని వేసి కట్టే చేతులు చాలలేదు. ఎవరు ఎక్కడికి వెళ్ళాలో నిర్ణయించేవారు లేరు. శిక్షణ లేని సహాయకులు ఆ దృశ్యాలను భరించలేక ఒక్కరొక్కరే తప్పుకొన్నారు. ఒకనాడు యుద్ధఖైదీలను తీసుకువస్తున్న పటాలాన్ని దూరం నుండి చూసి, శత్రుసేన తిరిగివచ్చిందని వదంతి పుట్టింది. అంతే, జనం తలుపులు బిగించుకొన్నారు, కొందరు తమ జెండాలను తగులబెట్టుకొన్నారు.

జెనీవాకు మరలిన తరువాత ఆయన తన అనుభవాలను గ్రంథస్థం చేసి, 1862లో సొంత ఖర్చుతో 1600 ప్రతులు ముద్రించి ఐరోపా ప్రముఖులకు పంపాడు. ప్రతి దేశంలోనూ శాంతికాలంలోనే స్వచ్ఛంద సేవాసమితులు ఏర్పడాలనీ, వాటి సభ్యులు ముందుగానే శిక్షణ పొందాలనీ, వారి రక్షణకు దేశాలన్నీ ఒక ఒడంబడిక చేసుకోవాలనీ అందులో సూచించాడు. అంటురోగాలు, వరదలు, అగ్నిప్రమాదాలు సంభవించినప్పుడు కూడా ఇటువంటి సమితులు అక్కరకు వస్తాయని ఆనాడే గుర్తించడం గమనింపదగినది.

ఆలోచన డ్యూనాంట్‌ది, దానికి కార్యరూపమిచ్చిన నేర్పు న్యాయవాది గుస్తావ్ మొయినియేది. ఈ ఇరువురితో పాటు సేనాని డ్యూఫోర్, వైద్యులు అప్పియా, మౌన్వార్ సభ్యులుగా 1863 ఫిబ్రవరిలో ఐదుగురి సంఘం ఏర్పడింది. అదే నేటి అంతర్జాతీయ రెడ్‌క్రాస్ సంఘానికి మూలం. 1864 ఆగస్టు 22న 12 దేశాలు జెనీవా ఒడంబడికపై సంతకాలు చేశాయి. తెల్లని వస్త్రంపై ఎర్రని శిలువ సేవకు చిహ్నమైంది.

సంఘం పెరిగింది; స్థాపకుడు కూలిపోయాడు. అల్జీరియా వ్యాపారం అప్పులపాలైంది. 1867లో ఆయనకు సంబంధమున్న బ్యాంకు దివాలా తీయగా, మరుసటి ఏడు న్యాయస్థానం ఆయనను దోషిగా ప్రకటించింది. మొయినియేతో అంతకుముందే పొసగలేదు. సంఘం తన స్థాపకునే వెలివేసింది. మదుపుదారుల నష్టం నిజమే కనుక నగరవాసుల ఆగ్రహాన్ని తప్పుపట్టలేము. జెనీవాను విడిచిన డ్యూనాంట్ మరి ఆ ఊరిలో అడుగుపెట్టలేదు. వెలిసిన కోటుకు సిరాతో, మాసిన కాలరుకు సుద్దతో మెరుగులు దిద్దుకొంటూ పరాయి నగరాలలో తిరిగాడు.

ఆయన అజ్ఞాతంలో ఉన్న ఆ సంవత్సరాలలోనే ఆయన ఊహ ఖండాలు దాటింది. 1881లో క్లారా బార్టన్ అమెరికాలో రెడ్‌క్రాస్‌ను స్థాపించి, ప్రకృతి వైపరీత్యాలను కూడా దాని పరిధిలోకి తెచ్చింది. 1889లో ఆనకట్ట తెగి జాన్స్‌టౌన్ పట్టణంలో 2,200 మందికి పైగా మరణించినప్పుడు, ఆమె తన బృందంతో నెలల తరబడి అక్కడే నిలిచి నిరాశ్రయులకు వసతి కల్పించింది. మన దేశంలో 1920 నాటి చట్టంతో భారత రెడ్‌క్రాస్ సంఘం ఏర్పడింది. 1977 నవంబరు నాటి దివిసీమ ఉప్పెన తరువాత ఆంధ్ర తీరంలో తుఫాను రక్షణ భవనాల నిర్మాణంలో అది పాలుపంచుకొంది. గాలివాన రాకముందే తలదాచుకొనే చోటు సిద్ధం చేయడం డ్యూనాంట్ కోరిన సన్నాహమే.

1887లో డ్యూనాంట్ స్విట్జర్లాండులోని హైడెన్ గ్రామానికి చేరాడు. కొంతకాలానికి అక్కడి వైద్యశాలలోని ఒక గదే ఆయనకు ఇల్లయింది. 1895లో ఒక పత్రికా రచయిత ఆయన ఉనికిని లోకానికి తెలియజేశాడు. 1901లో మొట్టమొదటి నోబెల్ శాంతి బహుమతిని ఫ్రెడెరిక్ పాసీతో కలిసి అందుకొన్నాడు. అప్పులవాళ్ళ చేతికి చిక్కకుండా మిత్రులు ఆ సొమ్మును నార్వేలో దాచగా, ఆయన దానిని తన సుఖానికి వాడుకొనలేదు. 1910 అక్టోబరు 30న మరణించాడు. అంత్యక్రియలు ఏ ఆర్భాటమూ లేకుండా జ్యూరిక్‌లో జరిగాయి. మిగిలిన ధనాన్ని నార్వే, స్విట్జర్లాండు దేశాల సేవాసంస్థలకు రాసి, హైడెన్ వైద్యశాలలో ఆ ఊరి పేదరోగి కోసం ఒక మంచం ఎల్లప్పుడూ ఉచితంగా ఉండేటట్లు వీలునామాలో ఏర్పాటు చేశాడు.