రాజా దీన్‌దయాళ్ - గాజుపలక మీది ముఖాలు

ఈనాడు ఫోటో లేని మనిషి లెక్కలో లేనట్టే. హాల్ టికెట్టు, ఆధార్ కార్డు, బస్‌పాసు - అన్నిటికీ ముఖం కావాలి. మా సైదాబాద్‌లో ఏ ఫోటో షాపుకు పోయినా పది నిమిషాల్లో పాస్‌పోర్టు సైజు ఫోటోలు కత్తిరించి చేతిలో పెడతారు. సెల్‌ఫోనైతే మన ముఖం చూసి తాళమే తీస్తుంది. యంత్రం మనిషిని గుర్తుపట్టే ఈ రోజుల్లో, యంత్రంతో మనిషి ముఖాన్ని నిలబెట్టిన ఒక పాతకాలపు హైదరాబాదీ కళాకారుణ్ణి తలచుకోవడం అవసరమనిపించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

లాలా దీన్‌దయాళ్ మన ప్రాంతం వాడు కాదు. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో ఒక జైన కుటుంబంలో పుట్టాడు. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో నౌకరీకి కుదిరాడు. ముప్పై ఏళ్ళ వయసులో, 1874 ప్రాంతంలో, కెమెరా పట్టాడు. సరదాగా మొదలైన పని చివరకు సర్కారీ నౌకరీనే మింగేసింది. 1880లలో మన వైపు వచ్చి సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయన్ను ఆస్థాన ఫోటోగ్రాఫర్‌ను చేసుకుని, ముసవ్విర్ జంగ్ బిరుదు ఇచ్చాడు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. కెమెరా తిప్పేవాణ్ణి కళాకారుడని దర్బారు ఒప్పుకున్నదన్న మాట! నిజాం వేటలు, ఫలక్‌నుమా వైభవం, నవాబుల విందులు - ఆ కాలపు హైదరాబాదును మనం ఈనాడు చూస్తున్నది చాలావరకు ఆయన కంటితోనే.

ఆనాటి ఫోటో అంటే మాటలా? వెండి లవణాల పూత పూసిన గాజుపలక, మూడు కాళ్ళ స్టాండు మీద బరువైన కెమెరా. కూర్చున్న మనిషి కదిలితే ముఖం చెదిరిపోయేది. అందుకే ఆ బొమ్మల్లో అందరూ బిగుసుకుని కనబడతారు.

1892లో ఆయన హైదరాబాద్‌లో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. దాన్ని ఒక ఇంగ్లీషు దొరసానికి అప్పగించాడు. పరాయి మగవాడి కంట పడకుండానే ఆడవాళ్ళు తమ ఫోటో తీయించుకోగలిగారు. తన ముఖం ఎవరు చూడాలో, ఎవరు చూడకూడదో తేల్చుకునే హక్కు మనిషికి ఉంటుందని ఆ ఏర్పాటులోనే ఉంది. నాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే.

ఇంకో వైపు కూడా చూడాలి. ఆయన నిజాం రాజ్యంలోని కరువు సహాయ కార్యక్రమాలను కూడా ఫోటోలు తీశాడు. నవాబుల పేర్లు, బిరుదులు మనకు దొరుకుతున్నాయి. ఆ కరువు మనుషుల ముఖాలు మాత్రమే మిగిలాయి, పేర్లు లేవు. వాళ్ళను ఫోటో తీయవచ్చా అని అడిగినవారున్నారా? కెమెరా అందరినీ ఒకేలా చూస్తుంది; దాని వెనక ఉన్న సమాజం మాత్రం అలా చూడదు.

1905లో ఆయన కన్నుమూశాడు. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం ఆయన గాజు నెగెటివ్‌లు 2,857 సేకరించింది. 2006లో ఆయన పేర తపాలా బిళ్ళ వచ్చింది. ఆయన తీసిన బొమ్మలెన్నో ఇప్పుడు కంప్యూటర్ తెర మీద చూడవచ్చు.

ఇవాళ మన వీధి మలుపుల్లో కెమెరాలున్నాయి. ముఖాన్ని బట్టి మనిషిని పట్టే సాఫ్ట్‌వేర్ ఉంది. అడగకుండా ముఖాన్ని తీసుకోవచ్చా అన్న వివాదం 2022లో తెలంగాణ హైకోర్టు గడప కూడా తొక్కింది. జనానా స్టూడియో గోడ వెనక ఉన్న ప్రశ్నే అది, బట్టలు మార్చుకుని వచ్చింది.

మిత్రులారా, కోర్టుల పని కోర్టులు చేస్తాయి. మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. ఒకరి ఫోటో తీసేముందు అడుగుదాం. మన సావనీర్లలో గ్రూపు ఫోటోల కింద ప్రిన్సిపాల్ గారి పేరు, యూనియన్ నాయకుల పేర్లు తప్పక వేస్తాం. చివరి వరసలో నిలబడ్డ అటెండరు పేరు, మెస్‌లో వంటాయన పేరు కూడా అడిగి వేద్దాం. నూరేళ్ళ తర్వాత ఎవరైనా ఈ పుట తిప్పితే, వాళ్ళు వట్టి ముఖాలుగా మిగిలిపోకూడదు.