కెమెరా చేపట్టిన షికారీ – జిమ్ కార్బెట్

మనిషి జీవితంలో ఉద్యోగ కాలం ఒక భాగం మాత్రమే. జీవనోపాధికై పడిన శ్రమ ముగిసిన తరువాత మిగిలే సంవత్సరాలను ఎట్లా గడపాలన్న ప్రశ్న ప్రతి ఒక్కరికీ ఒకనాడు ఎదురవుతుంది. కొందరికి ఆ కాలం బరువుగా తోస్తుంది. గడచిన దినాలను నెమరువేసుకుంటూ ప్రొద్దు పుచ్చుతారు. మరికొందరు ఏదో ఒక అభిరుచిని చేపట్టి, ఉద్యోగంలో చూపిన దీక్షకంటె మిన్నగా దానియందు లగ్నమవుతారు. అట్టివారి కృషి ఒక్కొక్కప్పుడు వారి సొంత సంతోషంతో ఆగక లోకానికి కూడ ఉపకరిస్తుంది. జిమ్ కార్బెట్ జీవితం ఇందుకు చక్కని ఉదాహరణ.

నరభక్షక వ్యాఘ్రాలను సంహరించిన వేటగాడుగా కార్బెట్ పేరు వినని పాఠకులు అరుదు. కాని నడివయస్సు దాటిన తరువాత ఆయన ఒక సినీ కెమెరాను భుజాన వేసుకుని పదేళ్ళపాటు అడవులు తిరిగాడనీ, ఆ పదేళ్ళలోను తృప్తికరమైన చిత్రం ఒక్కటి కూడ చేతికి రాలేదనీ తెలిసినవారు తక్కువ. ఆయన జీవితంలో ఈ ఘట్టం మనకు ఎక్కువగా పనికివస్తుంది.

ఎడ్వర్డ్ జేమ్స్ కార్బెట్ 1875 జూలై 25వ తేదీన హిమాలయ పర్వత పాదాన గల నైనీతాల్ పట్టణంలో జన్మించాడు. తండ్రి క్రిస్టఫర్ విలియం కార్బెట్ ఆ ఊరి పోస్టుమాస్టరు. సంతానం ఎక్కువ, ఆదాయం పరిమితం. జిమ్‌కు ఆరవ ఏట తండ్రి మరణించాడు. తల్లి మేరీ జేన్ పెద్ద కుటుంబాన్ని ఎంతో ఓర్పుతో నడిపింది. వేసవిలో నైనీతాల్‌లోను, చలికాలంలో కొండ దిగువన ఉన్న కాలాఢుంగీ గ్రామంలోను ఆ కుటుంబం నివసించేది. కాలాఢుంగీ చుట్టూ ఉన్న అడవే ఆ బాలునికి రెండవ పాఠశాల అయింది. ఒక గొట్టం పగిలిపోయిన రెండు గొట్టాల పాత తుపాకి ఆయన చిన్ననాటి ఆయుధం. దానితో ఒంటరిగా తిరుగుతూ పక్షుల కూతలను, జింకల హెచ్చరికలను, కోతుల అరుపులను, ఇసుకపై పడిన పాదముద్రలను అక్షరాలవలె చదవడం నేర్చుకున్నాడు.

ఇంటి పరిస్థితుల వలన పై చదువులకు అవకాశం లేకపోయింది. ఇరవై ఏళ్ళయినా నిండకముందే రైల్వేలో చిన్న ఉద్యోగంలో చేరి, తరువాత బీహారులో గంగ ఒడ్డున ఉన్న మొకామా ఘాట్‌లో సరుకుల మార్పిడి కాంట్రాక్టును చేపట్టాడు. ఒక రైలు నుండి మరొక రైలుకు బస్తాలను చేరవేసే ఆ పనిలో కూలీలతో సమానంగా శ్రమించి ఇరవై సంవత్సరాలకు పైగా గడిపాడు. రామ్‌శరణ్ అనే స్టేషన్ మాస్టరుతో కలసి అక్కడి కార్మికుల పిల్లలకు బడి పెట్టించాడు. వేర్వేరు కులాల పిల్లలు ఒకే భవనంలో కూర్చోరాదన్న అభ్యంతరం వచ్చినప్పుడు రామ్‌శరణ్ ఆ బడికి గోడలే లేకుండా చేశాడట. గోడలు లేనప్పుడు అది భవనం కాదు, పాక మాత్రమే కనుక ఎవరికీ అభ్యంతరం లేకపోయింది!

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1917లో, కుమావూన్ కొండల నుండి ఒక శ్రామిక దళాన్ని సమకూర్చుకుని కార్బెట్ ఫ్రాన్సుకు వెళ్ళాడు. యుద్ధానంతరం తిరిగి వచ్చి రైల్వే పనికి స్వస్తి చెప్పి, తోబుట్టువు మ్యాగీతో నైనీతాల్, కాలాఢుంగీలలో స్థిరపడ్డాడు. ఆయన వివాహం చేసుకోలేదు. చేతిలో కొంత వ్యాపారం, కొద్దిపాటి భూమి, కావలసినంత తీరిక. సాధారణ దృష్టిలో అది విశ్రాంతి జీవితమే.

సెలవులలో స్వగ్రామానికి వచ్చినప్పుడే ఆయన నరభక్షకాల వేటకు పూనుకున్నాడు. నేపాలులోను, మన దేశంలోను కలిపి 436 మందిని పొట్టన పెట్టుకున్న చంపావత్ ఆడపులిని 1907లో చంపాడు. కేదార బదరీ యాత్రికులను ఎనిమిదేళ్ళపాటు గడగడలాడించిన రుద్రప్రయాగ చిరుతను 1926లో తుదముట్టించాడు. కొండ గ్రామాల ప్రజలు ఆయనను తమ రక్షకుడుగా భావించారు.

అయితే చనిపోయిన ప్రతి నరభక్షకాన్ని ఆయన శ్రద్ధగా పరీక్షించేవాడు. చంపావత్ ఆడపులి నోటిలో కుడివైపు కోరలు రెండూ విరిగి ఉన్నాయి. ఎప్పుడో ఎవరో పేల్చిన గుండు చేసిన గాయమది. సహజమైన ఆహారాన్ని వేటాడలేని స్థితిలోనే అది మనుషులపై పడింది. ముళ్ళపంది ముళ్ళు దిగబడి కుంటుపడిన పులులు, ముసలితనంచేత శక్తి ఉడిగిన పులులు కూడ ఆయనకు కనిపించాయి. ఆరోగ్యంగా ఉన్న పులి మనిషి జోలికి రాదని ఆయన నిశ్చయించుకున్నాడు. గురి తప్పిన వేటగాని తుపాకి ఒక మృగాన్ని గాయపరచి వదిలితే, దాని మూల్యాన్ని కట్టెలకు, గడ్డికి వెళ్ళిన పేద స్త్రీలు చెల్లించవలసి వచ్చింది. ఈ సత్యం ఆయన మనస్సును క్రమంగా మార్చింది. వినోదం కొరకు పులిని చంపడంపై విముఖత ఏర్పడింది.

అట్టి సమయంలో ఒక పుస్తకం ఆయన చేతికి వచ్చింది. అటవీ శాఖలో అధికారిగా పనిచేసిన ఎఫ్. డబ్ల్యూ. ఛాంపియన్ 1927లో ప్రచురించిన గ్రంథమది. అడవి బాటకు అడ్డంగా సన్నని తీగ కట్టి, పులి దానిని తాకగానే ఫ్లాష్ వెలిగి చిత్రం పడేటట్లు ఛాంపియన్ ఏర్పాటు చేసేవాడు. రాత్రివేళ తీసిన ఆ నిశ్చల చిత్రాలు కార్బెట్‌ను ముగ్ధుణ్ణి చేశాయి. తాను మరొక అడుగు ముందుకు వేసి, పట్టపగలు నడుస్తున్న పులిని సినీ కెమెరాతో చిత్రించాలని ఆయన సంకల్పించాడు. ఉదారుడైన ఒక మిత్రుడు బెల్ అండ్ హోవెల్ కంపెనీ వారి 16 మిల్లీమీటర్ల కెమెరాను కానుకగా ఇచ్చాడు. అప్పటికి ఆయనకు యాభై దాటాయి.

తుపాకితో అందెవేసిన చేయి కెమెరాతో ఎందుకు తడబడవలెనని మనకు అనిపించవచ్చు. కాని ఈ రెండు విద్యలకు చాలా భేదమున్నది. గుండుకు నూరు గజాల దూరమైనా, చీకటి మూలనైనా, ఒక్క క్షణం కనిపించినా చాలును. కెమెరాకు మృగం దగ్గరగా ఉండాలి, వెలుతురు తగినంత ఉండాలి, మధ్యన గడ్డిపరక కూడ అడ్డు రాకూడదు. పైగా పులి మనిషి ఉనికిని గుర్తించకుండా తన మానాన తాను మసలుతూ ఉండాలి. కెమెరా తిరిగేటప్పుడు వచ్చే చిన్న శబ్దమైనా దాని చెవులను దాటిపోదు.

పదేళ్ళపాటు ఆయన వందలాది మైళ్ళు అడవులలో నడిచాడు. సుమారు రెండువందల సార్లు పులులు కంటబడ్డాయి. తాము చంపిన జంతువును సమీపించినందుకు కొన్ని పులులు ఆయనను తరిమివేశాయి. పిల్లల దగ్గరకు వస్తున్నాడని తల్లి పులులు గద్దించి పంపాయి. ఫిల్ము ఎన్నోసార్లు తిప్పినా, ఒకసారి వెలుతురు ఎక్కువ, మరొకసారి తక్కువ. ఒకసారి ఆకులు అడ్డం వస్తే, ఇంకొకసారి లెన్సుపై సాలెగూడు. ఒకసారి ఫిల్మును కడిగేటప్పుడు దానిపై పూత కరిగిపోయింది. పదేళ్ళ ప్రయాసకు ఫలితం శూన్యం. ఇంకొకరైతే కెమెరాను అటకమీద పెట్టి ఉండేవారు.

1938లో, అరవై మూడవ ఏట, ఒక చలికాలమంతా ఈ పనికే వెచ్చించి చివరి ప్రయత్నం చేయాలని కార్బెట్ నిర్ణయించాడు. దారిన పోయే పులిని చిత్రించడం సాధ్యం కాదని అనుభవం నేర్పింది. అందుచేత ముందు స్థలాన్ని ఎన్నుకున్నాడు. యాభై గజాల వెడల్పు గల ఒక లోయ. మధ్యన సన్నని సెలయేరు. రెండు ప్రక్కల దట్టమైన అడవి. సెలయేటికి అక్కడక్కడ చిన్న కట్టలు వేసి, కొద్ది అంగుళాల ఎత్తు నుండి నీరు దూకేటట్లు చేశాడు. ఆ నీటి సవ్వడిలో కెమెరా చప్పుడు కలసిపోతుందని ఆయన యోచన. తరువాత దూరదూరంగా మూడు చోట్ల ఉన్న ఏడు పులులను గుర్తించి, కొద్ది గజాల చొప్పున తన అరణ్య స్టూడియో వైపు రప్పించసాగాడు. ఆ ప్రాంతంలో ఇతర వేటగాళ్ళ సంచారం ఎక్కువ కనుక వారి కంట పడకుండా వాటిని కాపాడుకోవలసి వచ్చింది.

తెల్లవారకముందే, దట్టమైన మంచుకు తడిసిన ఆకులు చప్పుడు చేయని సమయంలో, పులుల దగ్గరకు ప్రాకి వెళ్ళి పడుకునేవాడు. వెలుతురు వచ్చిన పిదప చిత్రించేవాడు. ఒక ఆడపులి వచ్చిన మరునాడే వెళ్ళిపోయింది. మిగిలిన ఆరింటిపై వెయ్యి అడుగుల ఫిల్ము తీశాడు. ఆ ఏడు చలికాలపు వర్షాలు విపరీతం కావడంచేత లెన్సుకు చెమ్మ పట్టి, తొందరలో ఫిల్ము సరిగా ఎక్కించకపోవడంచేత కూడ కొన్ని వందల అడుగులు పాడైపోయాయి. మిగిలినది సుమారు ఆరువందల అడుగులు. ఆనాటి మూగ చిత్రాల మాదిరి సెకనుకు 16 బొమ్మల చొప్పున ఆడిస్తే అది ఇరవై అయిదు నిమిషాల చిత్రం. నాలుగు మగపులులు, రెండు ఆడపులులు. ఆడపులులలో ఒకటి తెల్లనిది. పది అడుగుల నుండి అరవై అడుగుల లోపు దూరంలో, పగటి వెలుగులో తీసిన సజీవ దృశ్యాలవి. నాలుగున్నర నెలలపాటు ఆయన అక్కడ పడిగాపులు కాసినా ఒక్క పులి కూడ ఆయనను చూడలేదు.

అదే 1938లో ఠాక్ గ్రామపు ఆడపులిని చంపడంతో ఆయన నరభక్షకాల వేట కూడ ముగిసింది. ప్రజల ప్రాణాలకు ముప్పు ఉన్నంతవరకు ఆయన తుపాకిని పూర్తిగా వదలలేదన్న మాట నిజమే. అయినా ఏది గొప్ప అన్న విషయంలో ఆయనకు సందేహం మిగలలేదు. వేటలో సంపాదించిన పులిచర్మం ఒక ఇంటి గోడకే అలంకారం. కొన్నాళ్ళకు వెంట్రుకలు రాలి చెత్తబుట్ట పాలవుతుంది. మంచి చిత్రం ఎందరికో ఆనందాన్నిస్తుంది. పులి మాత్రం అడవిలోనే క్షేమంగా ఉంటుంది.

ఈ భావాన్ని ప్రచారం చేయడానికి ఆయన వెనుదీయలేదు. న్యాయవాది హసన్ ఆబిద్ జాఫ్రీతో కలసి వన్యప్రాణుల సంరక్షణకై ఒక ఆంగ్ల పత్రికను నడపడంలో పాలుపంచుకున్నాడు. 1936లో మన దేశపు మొట్టమొదటి జాతీయ వనంగా హేలీ నేషనల్ పార్కు ఏర్పడడానికి తోడ్పడ్డాడు. 1944లో వెలువడిన ఆయన తొలి ప్రసిద్ధ గ్రంథం, కుమావూన్ నరభక్షకాల కథలు, ప్రపంచమంతటా పాఠకుల మన్ననలందుకున్నది. ఆ పుస్తకపు రాబడిని యుద్ధంలో చూపు కోల్పోయిన భారతీయ సైనికుల ఆశ్రమానికి సమర్పించాడు.

1947లో మ్యాగీతో కలసి కెన్యా దేశానికి వెళ్ళి న్యేరీ పట్టణంలో స్థిరపడ్డాడు. వృద్ధాప్యంలో, పరదేశంలో కూడ అడవి మృగాలను చిత్రించడం మానలేదు. 1955 ఏప్రిల్ 19న అక్కడే కన్నుమూశాడు. ఆయన మరణానంతరం హేలీ పార్కుకు ఆయన పేరే పెట్టారు. 1973 ఏప్రిల్ 1న పులుల సంరక్షణ పథకానికి ఆ వనంలోనే ప్రారంభోత్సవం జరిగింది. ఆ పథకం క్రిందనే మన నల్లమల అడవులలోని నాగార్జునసాగర్–శ్రీశైలం ప్రాంతానికి కూడ 1983లో రక్షణ లభించింది. 1972 లెక్కలలో దేశంలో 1,827 పులులు ఉండగా, 2022 నాటి అంచనాలో ఆ సంఖ్య సగటున 3,682. ఈ లెక్క తేల్చడంలో కెమెరాలే ప్రధాన సాధనం. అడవి బాటల ప్రక్క అమర్చిన కెమెరాలు తమంత తామే చిత్రాలు తీస్తాయి. ఏ రెండు పులుల చారలూ ఒక్క తీరుగా ఉండవు కనుక ఆ చారలను బట్టి పులులను గుర్తిస్తారు. నాడు ఛాంపియన్ కట్టిన సన్నని తీగకు ఇది ఆధునిక రూపం.

నేడు కెమెరా ప్రతి ఇంటికి వచ్చింది. ఉద్యోగ విరమణ చేసిన పెద్దలు కెమెరాతో కొండకోనలకు, నదీతీరాలకు, పక్షుల మడుగులకు వెళ్తున్నారు. వారిని చూచి, ఈ వయస్సులో ఇదేమి సరదా అని నవ్వే యువకులు లేకపోలేదు. అరవై మూడవ ఏట తెల్లవారుజామున మంచులో ప్రాకుతూ వెళ్ళిన కార్బెట్‌ను వారు ఒకసారి స్మరించాలి. ఆయనకు ఎవరూ జీతమివ్వలేదు, గడువు పెట్టలేదు. పదేళ్ళు ఓడిపోయినా నిలదీసి అడిగేవారు లేరు. ఎవరి ఒత్తిడీ లేకుండా, ప్రేమతో మాత్రమే ఒక పనిని కడదాకా సాగించగల స్వేచ్ఛ మలివయస్సు ఇచ్చే వరం. ఆ వరాన్ని సార్థకం చేసుకునే ఓర్పును, ప్రకృతిపై ఆదరాన్ని విద్యార్థి దశ నుండే అలవరచుకోవడం మంచిది. కాలాఢుంగీ అడవిలో బాలుడుగా నేర్చిన పాఠాలే అరవై ఏళ్ళ తరువాత కార్బెట్‌కు అక్కరకు వచ్చాయి.