రాతికి కన్నిచ్చిన బోసు

బీదరు కోటలోని మట్టిని నవాసాగరంతో కలిపి రుద్దితే బిదరీ పాత్రలోని జింకు, రాగి కలిసిన లోహం నల్లబడుతుంది. దానిలో పొదిగిన వెండి మాత్రం తెల్లగానే నిలుస్తుంది. ఎరుగనివారికి అది వట్టి మట్టి. బిదరీ పనివారికి అదే ఆ కళకు ప్రాణం. గెలీనా అనే ఖనిజం సంగతి కూడా ఇటువంటిదే. సీసం, గంధకం కలిసిన ఈ నల్లని, మెరిసే రాతినుండి సీసం తీసేవారు. పూర్వం కంటికి పెట్టుకొనే సుర్మాను కూడా దీనితో చేసేవారు. సీసం విషపదార్థం కనుక అది కంటికి మేలు చేయదు. అయితే ఆ రాయే ఒక కన్నులా వెలుగును గుర్తించగలదని చూపినవాడు జగదీశ్ చంద్ర బోసు.

బోసు 1858 నవంబరు 30న బెంగాలులో జన్మించాడు. తండ్రి భగవాన్ చంద్ర బోసు ప్రభుత్వోద్యోగి. ఆ రోజులలో అటువంటి ఉద్యోగులు తమ పిల్లలను ఇంగ్లీషు బడికి పంపడం గొప్పగా భావించేవారు. భగవాన్ చంద్ర మాత్రం కొడుకును ఫరీద్‌పూరులోని బెంగాలీ బడిలో చేర్చాడు. మాతృభాష వచ్చిన తరువాతనే పరభాష అని ఆయన నమ్మకం. ఆ బడిలో జగదీశునికి ఒకవైపు తండ్రి కొలువులోని ముస్లిం సేవకుని కొడుకు, మరొకవైపు జాలరి కొడుకు కూర్చొనేవారు. వారు చెప్పే పక్షుల కథలు, జలచరాల కథలు అతడు చెవులప్పగించి వినేవాడు. ఆ మిత్రులు ఇంటికి వస్తే తల్లి ఏ భేదమూ పాటించక అందరికీ ఒకేచోట అన్నం పెట్టేది.

కలకత్తాలోను, కేంబ్రిడ్జిలోను చదువు ముగించి 1885లో ఆయన ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్ర ఆచార్యుడుగా చేరాడు. తెల్లవారికి ఇచ్చే జీతంలో మూడవ వంతు మాత్రమే ఆయనకు ఇస్తామన్నారు. బోసు వాదులాడలేదు, ఉద్యోగం మానలేదు. జీతం ముట్టకుండా మూడు సంవత్సరాలు పాఠాలు చెప్పాడు. ఇంట్లో అప్పులున్న మనిషి ఈ విధంగా నిలబడడం సామాన్యమైన విషయం కాదు. చివరికి అధికారులు దిగివచ్చి, బకాయితో సహా పూర్తి జీతం చెల్లించారు. ఆ సొమ్ముతో ఆయన తండ్రి అప్పులు తీర్చాడు.

కళాశాలలో తగిన ప్రయోగశాల లేదు. ఒక చిన్న గదిలో, తాను చేయించుకొన్న పరికరాలతోనే బోసు పరిశోధన సాగించాడు. సుమారు 5 మిల్లీమీటర్ల పొడవు గల విద్యుత్ తరంగాలను పుట్టించాడు. 1895లో కలకత్తా టౌన్‌హాలులో అందరూ చూస్తుండగా ఆ కంటికి కనబడని తరంగాలు గోడలు దాటి గంటను మోగించాయి, తుపాకిమందును పేల్చాయి.

ఆ తరంగాలను పట్టే సాధనం కోసం వెదకుతూ ఆయన అనేక పదార్థాలను పరీక్షించాడు. వాటిలో గెలీనా ఒకటి. గెలీనాకు మొనతేలిన స్పర్శను ఏర్పరచి, ఆ వలయంలో విద్యుత్ ఘటాన్ని, గాల్వనోమీటరును కలిపాడు. తరంగాలు సోకితే ముల్లు కదిలింది. మామూలు వెలుగు పడినా కదిలింది! అమెరికా దేశపు మిత్రురాలు సారా బుల్ ప్రోత్సాహంతో 1901లో అమెరికాలో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. అది 1904 మార్చి 29న మంజూరైంది. అర్ధవాహక సాధనానికి లభించిన తొలి పేటెంటుగా దీనిని చెబుతారు. విద్యను అమ్ముకోవడం బోసుకు ఇష్టం లేదు. ఆ హక్కుతో ఆయన ధనం సంపాదించలేదు.

ఆ తరువాత ఆయన దృష్టి మొక్కల వైపు మళ్లింది. మొక్కల పెరుగుదలను ఎన్నో రెట్లు పెంచి చూపే క్రెస్కోగ్రాఫును నిర్మించాడు. 1917లో కలకత్తాలో బోసు పరిశోధనాలయాన్ని స్థాపించాడు. 1937 నవంబరు 23న గిరిదిలో మరణించాడు. వృక్షశాస్త్రానికి ఇది లాభమే కాని, గెలీనా మార్గం మధ్యలో ఆగిపోవడం భౌతికశాస్త్రానికి లోటే. అర్ధవాహకాలలో పి-రకం, ఎన్-రకం ఉంటాయని బోసు ముందే ఊహించాడని, ఆయన తన కాలానికి 60 సంవత్సరాలు ముందున్నాడని నోబెల్ బహుమతి పొందిన నెవిల్ మాట్ తరువాతి కాలంలో అన్నాడు.

ఆ రెండు రకాలను తయారుచేసే పద్ధతి డోపింగు. శుద్ధమైన సిలికానులో అతిస్వల్పంగా భాస్వరం కలిపితే ఎన్-రకం, బోరాన్ కలిపితే పి-రకం అవుతుంది. ఈ రెండింటినీ జోడించి 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు చేసిన సౌరఘటం, తనపై పడిన ఎండలో సుమారు 6 శాతాన్ని విద్యుత్తుగా మార్చింది.

సిలికాను అందుకోలేని పరారుణ కిరణాలు కొన్ని ఉన్నాయి. వాటికోసం శాస్త్రజ్ఞులు మళ్లీ బోసు ఎంచుకొన్న పదార్థం దగ్గరకే వచ్చారు. మిల్లీమీటరులో పదిలక్షవ వంతును నానోమీటరు అంటారు. కొన్ని నానోమీటర్ల పరిమాణం గల అర్ధవాహక కణాలే క్వాంటం చుక్కలు. గెలీనాలోని లెడ్ సల్ఫైడును ఇటువంటి చుక్కలుగా చేస్తే, చుక్క పరిమాణాన్నిబట్టి అది పీల్చుకొనే కాంతి మారుతుంది. ఈ చుక్కలను కనుగొని, తయారుచేసే విధానాన్ని రూపొందించిన ముగ్గురికి 2023లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. చుక్కలకు కూడా డోపింగు చేస్తారు. అమెరికాలోని నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంలో ప్రళయ్ సాంత్రా, ప్రశాంత్ కామత్ 2012లో కాడ్మియం చుక్కలలో కొద్దిగా మాంగనీసు చేర్చారు. వెలుగు తగిలి మేల్కొన్న ఎలక్ట్రాను వెంటనే చల్లబడక మరికొంతసేపు నిలిచింది. ఆ సౌరఘటం సామర్థ్యం 5 శాతం దాటింది.