పుస్తకపు మూట మోసిన ఆళ్వారుస్వామి

నైజాము పాలనలో తెలుగు పుస్తకము అచ్చువేయుట సాహసము. దానిని అమ్ముట అంతకు మించిన సాహసము. ఈ రెండు భారములను ఒక్క భుజముపై వేసికొనిన వాడు వట్టికోట ఆళ్వారుస్వామి. కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల గ్రంథాలయములకు పుస్తకములు ఎవరియొద్ద కొనవలెనను ప్రశ్న వచ్చినప్పుడెల్ల ఆయన చరిత్ర మనకు జ్ఞప్తికి రావలసియున్నది.

ఆయన 1915లో నల్లగొండ మండలమున చెరువు మాదారమున జన్మించెను. బాల్యముననే తండ్రి పోయెను. ఒక ఉపాధ్యాయుని ఇంట వంటపని చేయుచు, ఆ ఇంటి పుస్తకములతోనే చదువు సంపాదించెను. తరువాత గోలకొండ పత్రికలో అచ్చుచిత్తులు దిద్దు పనిలో కుదిరెను. బడి మెట్లు సరిగా ఎక్కని వాడు ఇతరుల తప్పులు దిద్దు స్థితికి వచ్చుట సామాన్య విషయము కాదు.

1938లో ఆయన దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించెను. చేతిలో మూలధనము లేదు. పుస్తకములను మూటగట్టి తానే మోసికొని ఊరూర తిరిగి అమ్మెడివాడు. ఒక పుస్తకముపై వచ్చిన సొమ్ము మరియొక పుస్తకమునకు కాగితమయ్యెడిది. ఈ విధముగా ముప్పదికి పైగా గ్రంథములు వెలువడెను. కొనువారెవరు? 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసిన నాటినుండి పఠన మందిరములు పల్లెలకు ప్రాకుచుండెను. 1935లో సిరిసిల్లలో ఆంధ్రమహాసభ సమావేశమగు నాటికి ఈ ఉద్యమము ఉత్తర తెలంగాణమునకును తెలిసినదే. ప్రభుత్వము ఈ మందిరములను అనుమానముతో చూచెడిది. చందాలతో బ్రతుకు అట్టి చిన్న గ్రంథాలయము నాలుగు పుస్తకములు రొక్కమిచ్చి కొనిన, ఆ నాలుగే మూట మోయువానికి మరుసటి ఊరికి దారిబత్తెము.

1942లో ఆయన చెరసాలకేగెను. సాయుధపోరాట కాలమున మరల నిర్బంధింపబడెను. నిజామాబాదు జైలులో దాశరథి కృష్ణమాచార్యులు ఆయనకు సహవాసి. ఖైదీల బ్రతుకులే పిదప ‘జైలు లోపల’ కథలైనవి. ‘ప్రజల మనిషి’ నవల 1955లో వెలువడెను.

ఇంతలో రాజ్యము మారెను. 1955లో హైదరాబాదు రాష్ట్రమునకు, 1960లో ఆంధ్రప్రదేశమునకంతకు గ్రంథాలయ శాసనములు వచ్చెను. జిల్లా గ్రంథాలయ సంస్థలు ఏర్పడెను; ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు నిర్ణయింపబడెను. చందాలకై చేయి చాచు దైన్యము తీరెను. దీనిని ఎవరు కాదనగలరు? అయితే సొమ్ము ఊరిదే కాని కొనుగోలు ఊరిది కాదను వింత ఇక్కడనే పొంచియున్నది. పుస్తకముల యెన్నిక రాజధానిలో జరిగి, సరకు ప్రకాశకులనుండి మొత్తముగా దిగునప్పుడు, 160 కిలోమీటర్ల దూరమున నున్న కరీంనగరు దుకాణదారునకు, 300 కిలోమీటర్ల దూరమున నున్న ఆదిలాబాదు దుకాణదారునకు అందులో పాలేమి? అతడు బడిపుస్తకములతో, నోటుబుక్కులతో కాలక్షేపము చేయవలసినదే. సాహిత్యము అతని బీరువానుండి తొలగును. గ్రంథాలయము తెరువని దినమున పాఠకునకు మరియొక ద్వారముండదు.

స్థానికముగా కొన్నచో చుట్టరికము చొరబడును, పనికిరాని ప్రతులు గుట్టలుపడును అని కొందరందురు. ఆ భయము నిరాధారము కాదు. కాని రాజధానిలో చుట్టరికము లేదని వారు మాత్రము ప్రమాణము చేయగలరా? ఫ్రాన్సు దేశమున 2003లో ఒక శాసనముచే గ్రంథాలయముల కొసగు తగ్గింపు నూటికి 9 వంతులకు మించరాదని కట్టడి చేసిరి. చిన్న దుకాణదారుడు పెద్ద వర్తకునితో సమముగా నిలుచుటకు అది తోడ్పడెను. 2016లో మన రెండు జిల్లాలు చీలి జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, మంచిర్యాల, నిర్మల, ఆసిఫాబాదు వేరు జిల్లాలైనవి. సెస్సులో ఒక భాగమునైన ఆయా ఊళ్ల గ్రంథపాలకుల చేతి కొసగి, పట్టీని గోడపై అంటించి, దుకాణమున కొనుమనుట అసాధ్యమైన పని కాదు.

1960 శాసనము అమలు మొదటి సంవత్సరము నిండకమునుపే, 1961 ఫిబ్రవరి 5వ తేదీన ఆళ్వారుస్వామి కన్నుమూసెను. అప్పటికాయన వయస్సు 45 సంవత్సరములు. అసంపూర్ణముగా మిగిలిన ‘గంగు’ నవల 1965లో అచ్చుపడెను.