నేరస్థుని అంతరంగం – మెడోస్ టేలర్

నేరం చేసిన చేతిని పట్టుకొనుట పోలీసుల పని. ఆ చేతిని నడిపిన మనస్సును తెలిసికొనుట మనస్తత్వ శాస్త్రజ్ఞుల పని. ఈ రెండవ పనికి శాస్త్రమన్న పేరు రాక పూర్వమే హైదరాబాదు రాజ్యంలో దానికి పూనుకొన్నవారు ఫిలిప్ మెడోస్ టేలర్.

ఆయన 1808లో లివర్‌పూల్‌లో జన్మించారు. పదిహేనేళ్ల ప్రాయంలో ఒక వర్తకుని వద్ద పని చేయుటకై బొంబాయి చేరి, అక్కడ ఆశాభంగం పొంది నిజాం సైనిక కొలువులో ప్రవేశించారు. హిందూస్తానీ నేర్చుకొన్నారు. హైదరాబాదులోని ప్రముఖ వర్తకుడు విలియం పామర్ కుమార్తెను వివాహమాడారు.

ఆ రోజులలో బాటసారులతో చెలిమి చేసి, నమ్మించి, రుమాలుతో గొంతు బిగించి దోచుకొను థగ్గులను అణచుటకు స్లీమన్ ఆధ్వర్యంలో ఒక శాఖ పనిచేసేది. పట్టుబడిన వారికి ప్రాణభిక్ష ఆశ చూపి, తోడివారి పేర్లు చెప్పించుట దాని పద్ధతి. అట్టి అప్రూవర్ల వాంగ్మూలాలను టేలర్ స్వయంగా విని నమోదు చేశారు. ఆ అనుభవ ఫలమే 1839లో లండన్‌లో వెలువడిన 'కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్' నవల. అందులో 719 హత్యలు చేసిన అమీర్ అలీ తన కథను తానే చెప్పుకొంటాడు. అతడు బిడ్డను ప్రేమించు తండ్రి. తాను చంపిన స్త్రీ సొంత సోదరియేనని తెలిసి కుమిలిపోతాడు. నేరస్థుడు రాక్షసుడు కాడు, మనవంటి మనిషే అన్న సత్యం ఆనాటి పాఠకులను కలవరపరచింది.

అయితే అప్రూవరు తన ప్రాణం కాపాడుకొనుటకై మాట్లాడేవాడు. 1836 నాటి చట్టం ప్రకారం థగ్గుల ముఠాకు చెందియుండుట ఒక్కటే యావజ్జీవ శిక్షకు చాలును. ఒక్క పేరు నోట వెలువడిన, నిరపరాధి జీవితం నాశనం కావచ్చును. అందువలననే నేటి చరిత్రకారులు ఆ వాంగ్మూలాలను యథాతథంగా విశ్వసించరు. అనుమానం వ్యక్తిని దాటి జాతులకు పాకి, 1871లో నేరస్థ జాతుల చట్టమై, 1952 వరకు కొన్ని తెగలను పుట్టుకతోనే దోషులను చేసింది. ఒత్తిడికి లోనై నేరం ఒప్పుకొనువారి మాట ఎంత నమ్మదగినదన్న ప్రశ్నను హార్వర్డు ఆచార్యుడు హ్యూగో మున్‌స్టర్‌బర్గ్ తన గ్రంథంలో చర్చించునాటికి 1908వ సంవత్సరం వచ్చింది.

టేలర్ తరువాత సురపురం సంస్థాన పాలనను బాలరాజు పక్షాన నిర్వహించి, 1860లో స్వదేశం చేరారు. 1875లో సాలార్‌జంగ్ ఆహ్వానంపై మరల హైదరాబాదు వచ్చి, అస్వస్థులై తిరిగిపోవుచు 1876లో ఫ్రాన్సులో కన్నుమూశారు. మన ఫలక్‌నుమా సౌధానికి పునాది పడినది ఆ తరువాత ఎనిమిదేళ్లకు.

రేపు న్యాయవాదులు, పోలీసు అధికారులు కానున్న విద్యార్థులకు ఆయన జీవితం రెండు పాఠాలు నేర్పుతుంది. నిందితుని మాటను ఓపికగా వినవలెను. విన్నదానిని సాక్ష్యంతో సరిచూడక నమ్మరాదు.