దాచుకోని మనిషి బేబ్

గోల్ఫంటే డబ్బున్న మగవాళ్ల కాలక్షేపం అనుకుంటాం. కానీ ఆ ఆటలో నాకు బాగా నచ్చిన మనిషి ఓ వలస కుటుంబపు ఆడపిల్ల, బేబ్ డిడ్రిక్సన్ జహారియస్.

నార్వే నుంచి అమెరికా వచ్చి స్థిరపడిన దంపతులకు 1911లో టెక్సస్‌లో పుట్టింది. ఏడుగురు పిల్లల్లో ఆరోది. 1932 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో జావెలిన్ త్రో, 80 మీటర్ల హర్డిల్స్‌లో స్వర్ణాలు, హైజంప్‌లో రజతం గెలిచింది. పేరుతో పాటే, మగరాయుడన్న ఎత్తిపొడుపులూ వచ్చిపడ్డాయి. తర్వాత గోల్ఫ్ పట్టింది. ఆడవాళ్లకి పోటీలే అంతంతమాత్రమైన రోజుల్లో, 1950లో మరో 12 మందితో కలిసి ఎల్‌పీజీఏ అనే సంఘం పెట్టింది.

1953లో పెద్దపేగు కేన్సర్! ఆపరేషన్ చేసి, విసర్జనకి పొట్టమీదే దారి పెట్టారు. జబ్బు పూర్తిగా పోలేదన్న మాట మాత్రం భర్తకి చెప్పి, ఆమె దగ్గర దాచారు. కేన్సర్ పేరెత్తడానికే జంకే ఆ రోజుల్లో ఆమె మాత్రం తన జబ్బు గురించి అందరికీ చెప్పింది. మర్నాటి ఏడే, 1954లో, యూఎస్ ఉమెన్స్ ఓపెన్ గెలిచింది. గోల్ఫ్‌లో బంతిని ఎంత తక్కువసార్లు కొడితే అంత గొప్ప. రెండో స్థానంలో ఉన్నామె కంటే ఏకంగా 12 స్ట్రోకులు తక్కువ!

జబ్బు తిరగబెట్టి 1956లో, 45 ఏళ్లకే కన్నుమూసింది.

రొమ్ములో గడ్డో, ఆగని రక్తస్రావమో కనిపిస్తే పిల్లల పరీక్షలు అయ్యాక చూద్దాంలే అనుకునేవాళ్లం మనం. నలుగురికీ చెప్పకపోయినా ఫర్వాలేదు... ముందు డాక్టరుకి చెబుదాం.